మూకుట్లో మర్రిమాను

మా మావయ్య ఉద్యోగం రావిమొక్కలు పీకడం. ఇలా అన్నానని తెలిస్తే అత్తయ్య ఇప్పటికీ కేకలేస్తుంది, "ఇరిగేషన్‌లో వర్క్ ఇన్‌స్పెక్టరు అని చెప్పవే" అని. అదీ నిజమే. కానీ ఆరో తరగతి సెలవుల్లో ఆయన వెనకాలే గట్టు మీద నడుస్తూ నేను చూసిన పని మాత్రం ఇదే.

1988 వేసవి అది. కాకినాడ నుంచి యానాం దాకా బస్సు, అక్కడ పంటెక్కి గోదావరి దాటితే ఎదుర్లంక, మళ్లీ బస్సు మారి అమలాపురం, అక్కణ్ణుంచి పి.గన్నవరం. పొద్దున్నే చద్దన్నం తిని బయల్దేరితే చేరేసరికి భోజనాల వేళ దాటిపోయేది. మావయ్యవాళ్ల క్వార్టర్స్ కాలువ గట్టు మీదే. మామూలు రోజుల్లో గుమ్మం ముందు నీళ్లు నిండుగా పారుతూ ఉండాలి. మేం వెళ్లేది మాత్రం ఎప్పుడూ కాలువలు కట్టేసిన నెలలోనే. డెల్టాలో ఏప్రిల్‌లో కట్టేసి, మళ్లీ జూన్‌లో వదులుతారు కదా. పూడిక తియ్యడం, లాకు తలుపులకి గ్రీజు పెట్టడం, గోడలకి మరమ్మతులు, అన్నీ ఆ మధ్యలోనే. పిల్లలకి అదో పండగ. మొన్నటిదాకా పడవలు తిరిగిన చోట ఇవాళ గోళీలాడుకోవచ్చు.

గన్నవరం అక్విడక్టు చూడనివాళ్లకి కాస్త చెప్పాలి. కింద వైనతేయ పాయ, దాని మీద వంతెనలాగా ఖానాలు, ఆ ఖానాల మీద కాలువ. నది మీంచి కాలువ దాటుతుందన్నమాట. కాటన్ దొర హయాంలో, 1850ల్లో, సున్నంతో కట్టింది. మొత్తం 49 ఖానాలు. ఆ పాత సున్నం అంటే రావికి, మర్రికి, జువ్వికి ప్రాణం. పిట్టలు పండు తిని రెట్టేస్తాయి. ఆవగింజలో సగం కూడా లేని విత్తనం ఏ చీలికలోనో పడి, వానల్లో మొలుస్తుంది. మొదటేడు వెంట్రుకంత వేరు. మూడో ఏటికి బొటనవేలంత. పోనీలే అని పదేళ్లు వదిలేస్తే రాయి నుంచి రాయిని విడదీసేస్తుంది. అందుకే ఏటా కాలువ కట్టెయ్యగానే గోడల మీద మొక్కలన్నీ తీయించాలి.

చిక్కు ఎక్కడంటే, లస్కర్లు, అంటే కాలువ మీద పనివాళ్లు, గడ్డి కోస్తారు, గుర్రపుడెక్క లాగుతారు, నడుం లోతు బురదలోకి దిగమన్నా దిగుతారు. రావి దగ్గరికొచ్చేసరికి మాత్రం చేతులు కట్టుకుని నిలబడేవారు. "ఆయ్, అదొక్కటీ మీరే చూసుకోండి బాబూ. పిల్లలు గలవాళ్లం." మావయ్యకీ పిల్లలున్నారు, ఇద్దరు. ఆ సంగతి ఎవరూ అనుకోరు.

అందుకని ఆయనే పంచె ఎగ్గట్టి దిగేవాడు. నేను మొదటిసారి చూసినప్పుడు జానెడు రావి అది, ఆరేడు ఆకులుంటాయేమో. లాగి పారెయ్యడానికి అరనిమిషం చాలు. మావయ్య ముందు చెంబుతో నీళ్లు పోయించాడు, సున్నం మీద. పది నిమిషాలు ఊరుకున్నాడు. తరవాత సన్న ఉలి తీసుకుని, కాల్లో ముల్లు తీసినంత నిదానంగా, వేరు చుట్టూ సున్నం గీకాడు. పొడి రాలుతోంది, నోటితో ఊదుతున్నాడు, మళ్లీ గీకుతున్నాడు. చీలికలో పెరిగిన వేరు గుండ్రంగా ఉండదు, జాకెట్టు కుట్టించుకునే టేపులాగా బల్లపరుపుగా ఉంటుంది. మూరెడు టేపు బయటికొచ్చింది, తెగకుండా.

"పీకెయ్యడానికి ఇంతసేపా మావయ్యా?"

"లాగితే తెగుద్ది. తెగితే వేరు లోపలే ఉండి మళ్లీ మొలుస్తది. గవర్నమెంటు పని సరిగ్గా చెయ్యాలంటే ఇదే పద్ధతి," అన్నాడు. అంటూనే ఆ మొక్కని తడిగోనెలో చుట్టి, సంచిలో పెట్టుకున్నాడు. పక్కనున్న లస్కరు నావైపు చూసి నవ్వాడు. అతనికి తెలుసు సంగతి.

ఇంటి వెనక, బట్టలుతికే బండకి ఆనుకుని ఉన్న పిట్టగోడ మీద వరసగా మూకుళ్లు. గారెలు వేసుకునే మూకుళ్లు కాదు, కుమ్మరి దగ్గర చెప్పి చేయించినవి, అడుగున రెండేసి చిల్లులతో. నేను లెక్కపెడితే ముప్ఫై ఒకటి. ఒక్కోదాంట్లో ఒక్కో చెట్టు. మొక్క కాదు, చెట్టు. బెత్తెడు మర్రి, దానికి బోదె, బోదె అడుగున వేళ్లు నేలని పట్టుకున్నట్టు పరుచుకుని, పైన గొడుగు. కింద చీమ పోతుంటే ఏనుగు పోతున్నట్టుంది. నేను ఆ బండ మీద బోర్లా పడుకుని, మర్రిమాను ఎత్తులోకి కళ్లు దించి చూసేదాన్ని. ఆ సెలవులన్నీ దాదాపు అలాగే గడిచాయి.

దీనికి 'బోన్సాయ్' అని పేరుందని ఆయనకి తెలిసింది ఓ కాలెండరు వల్ల. పై ఆఫీసరు ఒకాయన దగ్గర గోడకి జపాన్ కాలెండరు ఉండేదట, నెలకో చెట్టు బొమ్మ. సంవత్సరం అయిపోగానే అడిగి తెచ్చుకున్నాడు. పళ్లెంలో నాటడం అని ఆ మాటకి అర్థమట. మావయ్య 'పళ్లెపు సేద్యం' అని తెలుగు చేశాడు. ఆ పన్నెండు బొమ్మల్లోనూ ఎక్కువ పైన్ చెట్లే. కోనసీమలో పైన్ ఎక్కడ దొరుకుతుంది? దొరికినదాన్ని ఆ ఆకారంలోకి తెద్దామని చూశాడు. పాపం, మొదటి అయిదారేళ్లు మర్రిని పట్టుకుని కొమ్మలన్నీ కిందికి వంచి, మంచు బరువుకి వంగినట్టు చేశాడు. కోనసీమలో మంచేమిటి! ఒకరోజు బజారుకెళ్తూ ఊరి చివర మర్రి కింద సైకిలాపి, ఎండలో గంటసేపు నిలబడి దాన్నే చూశాడని, అత్తయ్య ఇప్పటికీ చెబుతుంది. చింతపండు తేకుండా వచ్చాడని ఆవిడ కోపం. ఆ రోజు నుంచి కొమ్మలు అడ్డంగా పోనిచ్చాడు, గొడుగు పట్టనిచ్చాడు. కాలెండరు బొమ్మలు లోపల గదిలోకి వెళ్లిపోయాయి.

ఇప్పుడు నేనూ పాతికేళ్లుగా ఈ పని చేస్తున్నాను కాబట్టి ఒక మాట. మర్రిని పైన్‌లాగా కత్తిరించినవాళ్లు ఇప్పటికీ బోలెడుమంది కనిపిస్తారు, అదే గొప్పని కూడా అనుకుంటారు. నాకు మటుకు అది అరవయ్యేళ్ల ముత్తయిదువకి జీన్స్ ప్యాంటు తొడిగినట్టుంటుంది. వేసుకోకూడదని కాదు, ఆవిడ నడక మారిపోతుంది.

అత్తయ్యకి ఈ వ్యవహారమే గిట్టేది కాదు. రావి ఇంట్లో ఉండకూడదు, అది గుడి దగ్గర, రచ్చబండ దగ్గర ఉండాల్సిన చెట్టు. ఉండనివ్వకూడదు, కొట్టెయ్యనూకూడదు. "ఇల్లు మనది కాదుగా, గవర్నమెంటుది," అనేవాడు మావయ్య. చివరికి రాజీ ఏమిటంటే, మర్రీ జువ్వీ పిట్టగోడ మీద, రావులన్నీ నూతికి అవతల. నూతికి అవతల అంటే పదడుగులు. అంతే. ఆవిడ మాత్రం ఆ గీత దాటి ఒక్క చెంబు నీళ్లు పోసేది కాదు.

పని నేర్పడం అంటూ ఆయన ఎప్పుడూ కూర్చోబెట్టి చెప్పలేదు. పక్కన ఉంటే తెలిసేది. అన్నిటికన్నా ఆశ్చర్యమేసింది బోదె లావెక్కించే పద్ధతి. చిన్న చెట్టు కావాలంటే చిన్నగానే ఉంచాలనుకుంటాం కదా. అలా మూకుట్లో ఉంచితే పదేళ్లయినా పెన్సిలంతే ఉంటుంది. మావయ్య ముందు నేలలో పెట్టేవాడు. గొయ్యి తీసి, అడుగున బంగళా పెంకు ఒకటి పరిచి, దాని మీద మొక్క. వేరు కిందికి దిగబోయి, పెంకు తగిలి, పక్కలకి పరుచుకుంటుంది. పైన ఒక్క కొమ్మని మాత్రం ముట్టుకునేవాడు కాదు. అది ఏడెనిమిది అడుగులు పోయేది, అడ్డదిడ్డంగా, అసహ్యంగా. వచ్చినవాళ్లు "ఇదేంటండీ, ఇదీ పొట్టి చెట్టేనా?" అని ఎగతాళి చేసేవారు. మూడేళ్లయ్యాక, బోదె చెయ్యి మణికట్టంత అయ్యాక, ఆ కొమ్మని మొదలంటా రంపంతో కోసేస్తాడు. చెట్టు మొత్తం జానెడు మోడు అయిపోతుంది. ఆ కోసిన రోజు నేను ఏడ్చాను. నెల తిరక్కుండా మోడు చుట్టూ పాతికచోట్ల చిగుళ్లు. ఈ జాతి గొప్పతనం అదే, ముదురు కర్ర మీంచి కూడా చిగురేస్తుంది. ఆ పాతికలో కావలసిన ఆరేడు ఉంచి, మిగతావి గోటితో గిల్లెయ్యడమే.

కోసినప్పుడల్లా పాలు. తెల్లగా, చిక్కగా, ఆగకుండా కారతాయి. తడిగుడ్డ ఒత్తిపెట్టి, కాసేపటికి నీళ్లు చిలకరించి తుడవాలి, అప్పుడు గడ్డకడుతుంది. బట్టకంటితే మాత్రం పోదు. నా పరికిణీల మీద ఆ మరకలు చూసి అమ్మ తిట్టని సెలవు లేదు.

కొమ్మలు వంచడానికి తీగ. ఇప్పుడైతే అల్యూమినియం తీగ ఆన్‌లైన్‌లో మిల్లీమీటర్ల లెక్కన వస్తోంది. మావయ్య కాలిపోయిన నీళ్ల మోటార్ల వైండింగ్ రాగి తెచ్చేవాడు. అది గట్టిగా ఉంటుంది, చుట్టబోతే కొమ్మే విరుగుతుంది. అందుకని ఊక మంటలో ఎర్రగా కాల్చి చల్లారబెట్టేవాడు. అప్పుడు పురికొసలాగా మెత్తగా అయిపోయేది. కొమ్మకి చుట్టి వంచాక అదే మళ్లీ గట్టిపడుతుంది. ఈ కిటుకు మావయ్యకి చెప్పింది ఊళ్లో మోటార్లు బాగుచేసే మెకానిక్. జపాన్‌లో కూడా రాగి తీగని అలాగే కాల్చి మెత్తబరుస్తారని చాలా ఏళ్ల తరవాత చదివి, ఫోన్ చేసి చెప్పాను. "మరి మన మెకానిక్ అంటే ఏమనుకున్నావ్," అన్నాడు.

ఆ తీగతోనే నా మొదటి తప్పు. తొమ్మిదో తరగతిలో మావయ్య నాకో జువ్వి ఇచ్చాడు, కాకినాడ తీసుకెళ్లమని. తీగ చుట్టి, పదిహేను రోజులకోసారి చూడు, వానాకాలం వారానికోసారి చూడు, అని మరీ మరీ చెప్పాడు. చూశాను, రెండు నెలలు. తరవాత క్వార్టర్లీ పరీక్షలు, ట్యూషన్లు, టెన్షను. దసరా సెలవుల్లో డాబా ఎక్కి చూస్తే తీగ కనపడలేదు. ఎవరో విప్పేశారనుకున్నాను. దగ్గరికెళ్లి చూస్తే కొమ్మ లోపలుంది. రెండు పక్కలా బెరడు ఉబ్బి, తీగని మింగేస్తోంది. కంగారుపడి చివర పట్టుకుని విప్పడం మొదలుపెట్టాను. బెరడు తొక్కలా లేచొచ్చేసింది, పాలు ధారగా కారాయి. ఆ వారమే ఏదో పని మీద మావయ్య వచ్చాడు. డాబా మీద కూర్చుని ఆ కొమ్మని చాలాసేపు వేలితో తడిమి చూశాడు. తిడతాడేమో అని నేను మెట్ల దగ్గరే ఉన్నాను.

"విప్పకూడదమ్మడూ. కటింగ్ ప్లేయర్‌తో ముక్కలు ముక్కలుగా కొయ్యాలి. రాగి పోతే పోనీ."

ఆ చెట్టు ఇప్పుడు హైదరాబాద్‌లో మా బాల్కనీలో ఉంది. మరచుట్టులాంటి ఆ మచ్చ బెరడు మీద ఇంకా ఉంది. కొమ్మ లావెక్కేకొద్దీ మచ్చ సాగి, కాస్త కాస్త చెరిగిపోతోంది.

అసలు సరదా అంతా ఊడల దగ్గర. మర్రికి ఊడల్లేకపోతే మర్రేమిటి? కానీ మూకుట్లో మర్రికి ఊడలు అంత తేలిగ్గా రావు, గాల్లో తేమ ఉండాలి. కోనసీమలో తేమకేం లోటు లేదు. ఆరుద్ర కార్తె దాటి వానలు పట్టుకున్నాయంటే కొమ్మల కింద ఎర్రటి నూలుపోగుల్లాంటివి దిగేవి. వాటితో గొడవేమిటంటే, నాలుగు రోజులు ఎండ కాస్తే కొస మాడిపోతుంది, నేల దాకా రానే రాదు. మావయ్య పెరట్లో బొప్పాయి ఆకుల కాడలు కోసుకొచ్చేవాడు. అవి లోపల బోలుగా ఉంటాయి కదా, మేం వాటితో బుడగలు ఊదేవాళ్లం. కాడని పొడుగ్గా చీల్చి, తడి కొబ్బరిపొట్టు కూరి, ఊడని అందులో పెట్టి, మళ్లీ మూసి నారతో కట్టేవాడు. కింది కొస మూకుట్లో మట్టికి ఆనించేవాడు. ఊడ చీకట్లో, చెమ్మలో, గొట్టం వెంటే దిగిపోయేది. నెలా నెలన్నరకి కాడ కుళ్లి దానంతటదే రాలిపోయేసరికి, ఊడ మట్టిలో నిలదొక్కుకుని ఉండేది. నేలని పట్టుకున్నాక చూడాలి దాని జోరు! దారంలా ఉన్నది ఏడాదిలో అగ్గిపుల్ల, మూడేళ్లలో చిటికెనవేలు. ఇవాళ ఈ పని అందరూ కూల్‌డ్రింకు స్ట్రాలతో చేస్తారు. నేనూ స్ట్రాలే వాడతాను, హైదరాబాద్‌లో బొప్పాయి కాడలకి ఎక్కడికెళ్లను. కానీ స్ట్రా కుళ్లదు, మనమే గుర్తు పెట్టుకుని తియ్యాలి, తీసేటప్పుడు ఎక్కడో ఒక వేరు తెంపుతాం.

ఆకు చిన్నది చెయ్యడం మరో కథ. రోహిణి కార్తె ఎండల్లో, చెట్టు మంచి జోరు మీదున్నప్పుడు, ఆకులన్నీ కత్తెరతో కోసెయ్యాలి. లాగకూడదు, తొడిమ ఉంచి కొయ్యాలి. తొడిమ దానంతటది రాలిపోతుంది, దాని మొదట్లోంచి కొత్త చిగురు. అది పాతదానికన్నా చిన్నగా వస్తుంది. నీరసంగా ఉన్న చెట్టుకి ఈ వైద్యం చేస్తే మాత్రం నేరుగా పొయ్యిలోకే. నేను అలా ఒకటి చంపాను, ఆ వివరాలు వద్దు. ఇంకో తమాషా, ఆకుని చిన్నది చెయ్యగలం గానీ కాయని చెయ్యలేం. మావయ్య జువ్వి ఒకటి కాసింది ఓ ఏడు. వేలెడు కొమ్మకి మామూలు సైజు కాయలు. పసిపిల్ల చెవులకి బామ్మ దుద్దులు పెట్టినట్టుంది.

రావి మాత్రం ఆయన మాట వినలేదు. పన్నెండేళ్లు చూశాడు. ఎన్నిసార్లు ఆకు కోసినా మళ్లీ ఇంతేసి ఆకు, ఇంత పొడుగు తొడిమ, ఆ తోక. కొమ్మ మీద ఆకుకీ ఆకుకీ మధ్య ఎడం ఎక్కువ. ఉగాదికి ముందు ఆకు రాల్చి, రాగిరంగు చిగురు వేసినప్పుడు ఆ వారం రోజులూ చూడముచ్చటగా ఉండేది. తరవాత మళ్లీ కర్రకి జెండాలు కట్టినట్టే. ఆయనకి అన్నిటికన్నా ఇష్టం అదే. ఎందుకంటే ఖానాల్లోంచి ఎక్కువ తీసింది రావులే. మర్రి, జువ్వి ముచ్చటకి పెంచాడు. రావిని పెంచింది ముచ్చటకి కాదని నాకు పెద్దయ్యాక గానీ తట్టలేదు. ఎప్పుడైనా ఒక రావి ఉలి జారి చచ్చిపోతే ఆ రోజు నూతి దగ్గర రెండు చెంబులు ఎక్కువ పోసుకుని స్నానం చేసేవాడు, ఎవరికీ ఏమీ చెప్పకుండా.

1996 నవంబరు 6. కోనసీమవాళ్లకి ఆ తేదీ చెబితే చాలు. సాయంత్రం నుంచే గాలి మొదలైంది. మూకుళ్లన్నీ మంచాల కిందకి చేర్చారు. పెద్ద మర్రి ఒకటుండేది, సిమెంటు తొట్టిలో, ఇద్దరు పట్టినా లేవనిది. దాన్ని పక్కకి పడుకోబెట్టి, గోనెలు కప్పి, వదిలేశారు. రాత్రంతా కొబ్బరిచెట్లు విరిగిపడుతున్న చప్పుడు. తెల్లారాక చూస్తే కప్పు మీద పెంకు లేదు, కనుచూపు మేరలో నిలబడ్డ కొబ్బరిచెట్టు లేదు. వెయ్యిమందికి పైగా పోయారు ఆ తుపానులో. మొక్కల గురించి ఆలోచించే రోజులు కావవి. మావయ్య గండ్లు పూడ్పించే పనిలో మూడు వారాలు ఇంటికి సరిగ్గా రాలేదు. పెద్ద మర్రి ఓ కొమ్మ మొదలంటా చీలి, ఒక్క ఆకు లేకుండా, గోడవారన పడి ఉందట. డిసెంబరు మొదట్లో ఓ రోజు తీరుబడిగా వెళ్లి చూస్తే తొట్టి నిలబెట్టి ఉంది, మట్టి తడిగా ఉంది, కొమ్మల కొసల్లో సూదుల్లాంటి మొగ్గలు. ఎవరు పోస్తున్నారు నీళ్లు అని అడిగితే అత్తయ్య, "బియ్యం కడిగిన నీళ్లు ఎక్కడో అక్కడ పారబొయ్యాలిగా," అందట.

చీలిన చోట ఆయన నున్నగా చెక్కి వదిలేశాడు. పైన్ చెట్లకైతే ఎండుకొమ్మని అలాగే ఉంచి, తెల్లగా ఎముకలా తీర్చి, అదో అందం అంటారు. మర్రి కర్ర మెత్తన, ఎండినచోట పుచ్చిపోతుంది. అక్కడ తొర్ర పడింది. తొర్ర చుట్టూ బెరడు మడత పడి, పెదవుల్లా ఉండేది. అది నిజం మర్రికి ఉండే తొర్రే, కావాలని చేద్దామన్నా అంత బాగా రాదు.

తరవాతి ఏళ్లు గబగబా గడిచాయి. నా పెళ్లి, హైదరాబాద్. 2000లో గన్నవరం దగ్గర కొత్త అక్విడక్టు వచ్చింది, డొక్కా సీతమ్మగారి పేరుతో. పాతదాని మీద నీళ్లు ఆగిపోయాయి. మరుసటేడు మావయ్య రిటైరయ్యాడు. క్వార్టర్స్ ఖాళీ చేసేముందు మిగిలిన ఒక్క రావిని, పన్నెండేళ్లు మొండికేసినదాన్ని, మూకుడు పగలగొట్టి లాకు దగ్గర గట్టు మీద నాటేశాడు. పక్కనే వేపమొక్క ఉంది. అత్తయ్య పసుపుబట్ట కట్టి, అయిదుగురు ముత్తయిదువుల్ని పిలిచి, రావికీ వేపకీ పెళ్లి చేసింది. ఆవిడ ఆ రావికి నీళ్లు పోసింది అదే మొదలు.

హైదరాబాద్ ఫ్లాట్‌లో జువ్వి మొదటి వారంలోనే ఆకంతా రాల్చేసింది. నేను ఏడుపుగొంతుతో ఫోన్ చేస్తే, "చోటు మారింది కదా, అలిగింది. నీళ్లు తగ్గించు. జరపకు. రోజూ గోకి చూడకు," అన్నాడు. అప్పటికే మూడుసార్లు గోకి చూశాను, పచ్చిగా ఉందా లేదా అని. ఇరవై రోజులకి చిగురేసింది. నర్సరీలో కొన్న ఫైకస్ (అదీ మర్రి జాతే) ఒకదానికి ఆకులు తాంబూలం చిలకల్లా మడతపడితే అదేదో కొత్త రకం అనుకుని మురిసిపోయాను. విప్పి చూస్తే లోపల నల్లటి సన్న పురుగులు. ఆ ఆకులన్నీ తుంచి కాల్చేసి, వేపనూనె కొట్టాల్సి వచ్చింది.

ఓసారి కడియపులంక నర్సరీలకి ఇద్దరం కలిసి వెళ్లాం. అప్పటికి ఆ బుర్రల్లాంటి దుంపవేళ్లతో 'జిన్‌సెంగ్ ఫైకస్' అని కొత్తగా వస్తోంది. లావు వేళ్లు బయటికి కనబడేలా పెంచి, పైన వేరే రకం కొమ్మలు అంటుకడతారు. కుర్రాడు గర్వంగా చూపించాడు. మావయ్య చుట్టూ తిరిగి చూసి, "కర్రపెండలం దుంపకి కరివేపాకు గుచ్చావేంటి నాయనా," అన్నాడు. ఆ కుర్రాడి ముఖం చూసి నేను ఒకటి కొనక తప్పలేదు. అది ఇప్పటికీ నా దగ్గరుంది, చెడ్డదేం కాదు.

2014లో పిల్లల్ని తీసుకుని కదిరి వెళ్లినప్పుడు తిమ్మమ్మ మర్రిమాను చూశాం. 1989లోనే గిన్నిస్ బుక్కుకెక్కిన చెట్టు, నీడే దాదాపు అయిదెకరాలు. అసలు మొదలేదో ఊడేదో తెలియదు. అందరూ తలెత్తి చూస్తూ నడుస్తున్నారు. నేను ఒకచోట ఆగిపోయాను. పైనుంచి దిగుతున్న ఊడ ఒకటి, దాని కింద నేల మీద నిలబెట్టిన వెదురు బొంగు, బొంగు నిండా మట్టీ ఎరువూ. ఊడ ఆ బొంగులోకి దిగుతోంది. చెట్టు చూసుకునేవాళ్లు పెట్టిన ఏర్పాటు అది, లేత ఊడలు నేల చేరేదాకా కాపాడ్డానికి. అయిదెకరాల చెట్టుకి వెదురు బొంగు, మూకుట్లో చెట్టుకి బొప్పాయి కాడ. అక్కడే నిలబడి ఫోన్ చేశాను. సిగ్నల్ సరిగ్గా లేదు. "బొప్పాయి కాడ, మావయ్యా, బొప్పాయి కాడ!" అని నేను అరుస్తుంటే మా ఆయన పిల్లల్ని తీసుకుని కాస్త దూరం జరిగాడు.

2018లో పాలమూరు పిల్లలమర్రికి చెదలు పట్టి, సెలైన్ సీసాలు వేలాడదీసి మందెక్కిస్తున్నారని టీవీలో వచ్చినప్పుడు ఆయనే ఫోన్ చేశాడు. గొంతు అప్పటికే బాగా నీరసం. "చూశావా, చుక్క చుక్కగా ఇస్తున్నారు. ఒక్కసారిగా పోస్తే బయటికొచ్చేస్తదంట," అన్నాడు. అప్పుడు ఆయన చేతికీ సెలైన్ ఉందని అత్తయ్య తరవాత చెప్పింది.

2019లో మావయ్య పోయాక మిగిలిన పదకొండు మూకుళ్లు పంచుకున్నాం. టెక్సాస్‌లో ఉన్న వాళ్లబ్బాయి ఒకటైనా తీసుకెళ్దామనుకున్నాడు గానీ, మట్టితో మొక్కని ఆ దేశంలోకి రానివ్వరు. అక్కడే కొట్లో ఓ ఫైకస్ కొనుక్కుని చలికాలం ఇంట్లో కిటికీ పక్కన పెట్టుకుంటున్నాడు. పెద్ద మర్రి సిమెంటు తొట్టితో సహా అత్తయ్య దగ్గరే, అమలాపురంలో. ఆవిడ కత్తెర పట్టదు. గొడుగు పెరిగి పెరిగి, చెట్టు కాస్తా పొదలా తయారైంది. ఏటా మృగశిరకి నేను వెళ్లి కత్తిరిస్తాను. ఆవిడ పక్కన కూర్చుని, "అది వద్దు, అదుండనీ," అంటుంది ప్రతి రెమ్మకీ.

పోయిన వేసవిలో అలా వెళ్లినప్పుడు అత్తయ్యని కారులో ఎక్కించుకుని గన్నవరం తీసుకెళ్లాను. కాలువ కట్టేసి ఉంది. రావి నలభై అడుగులుంటుందేమో, వేపని దాదాపు కౌగిలించేసుకుంది. కింద సిమెంటు చప్టా, ఎవరో పెట్టిన నాగప్రతిమలు, నాలుగైదు కుర్చీలు. ఇరవై పాతికేళ్ల కుర్రాడు లాకు గోడకి నిచ్చెన వేసుకుని ఏదో గీకుతున్నాడు. వెళ్లి చూస్తే రావిమొక్కలు. గోడ చీలికల నిండా, చిన్నా పెద్దా కలిపి పాతిక ముప్ఫై.

"ఆ చెట్టు పళ్లేనండి. పిట్టలు తినడం, ఇక్కడికొచ్చి రెట్టెయ్యడం. ఎన్ని పీకినా ఏటా ఇంతే. ఆ చెట్టు ఎవరు నాటారో గానీండి," అన్నాడు.

అత్తయ్య చీర కొంగు నోటికడ్డం పెట్టుకుంది. నవ్వో ఇంకోటో నాకు తెలియలేదు.

"కొంచెం నీళ్లు పోసి కాసేపాగు బాబూ, తెగకుండా వస్తుంది," అన్నాను. కుర్రాడు నన్ను ఎగాదిగా చూసి, చెంబు కోసం వెళ్లాడు. జానెడు మొక్క, ఆరేడు ఆకులు. కారులో తడిగోనె లేదు, అత్తయ్య చేతిరుమాలు ఇచ్చింది. హైదరాబాద్ వచ్చాక దాన్ని బాల్కనీలో నాటబోతుంటే ఆవిడ ఫోను.

"ఇంట్లో పెట్టావా ఏంటి? రావి ఇంట్లో ఉండకూడదే."

"ఫ్లాట్ మాది కాదత్తయ్యా," అన్నాను. "అద్దెది."